మోకరిస్తేనే కనిపించే నడుము

బూటు సోలులో, మడమకూ ముందరి పాదానికీ మధ్య సన్నబడే భాగాన్ని నడుమంటారని మా ఇంట్లో ఇప్పుడు పనిమనిషికి కూడా తెలుసు. రిటైరయ్యాక మావారు ఫోనులో వీడియోలు చూసి నేర్చిన విద్య ఇది. బొల్లారంలో మిలిటరీ ఆఫీసర్లకు చేత్తో బూట్లు కుట్టే ఆయన దగ్గర ఒక జత చేయించుకున్నారు. అడుగున కుట్లు కనపడకూడదు. నడుము దగ్గర అంచులు ఏటవాలుగా చెక్కి, మైనం పట్టించి మెరిపించాలి.

"సార్, గీ నడుము నేల దిక్కుంటది. ఎవరు చూస్తరు?" అన్నాడు బూట్లాయన.

"చూసేటోళ్లు చూస్తరు. నువ్వు జెర సన్నగ చెయ్యి."

చూడవలసింది మా తమ్ముడు. కిందటి క్రిస్మస్‌కు కొత్త బూట్లతో వచ్చి, "బావా, చేత్తో కుట్టింది. నీ రబ్బరు సోల్ లెక్క కాదు" అన్నాడు. ఆ మాట మావారి గుండెల్లో దిగింది.

బూటు అడుగు పదిమందికీ కనిపించే చోటు ఒక్కటే. చర్చిలో ప్రభు భోజనపు రొట్టె అందుకోవడానికి బల్ల ముందు మోకరించినప్పుడు వెనకవాళ్లకు మన ముఖం కనపడదు, అరికాళ్లే కనిపిస్తాయి. కానీ మా తెలుగు ఆరాధనలో చెప్పులు విప్పే బల్ల దగ్గరికి వెళతాం. తమ్ముడు వెళ్లే ఇంగ్లీషు ఆరాధనలో బూట్లతోనే వెళతారు. అందుకని మావారికి ఉన్నట్టుండి ఇంగ్లీషు భక్తి పుట్టింది.

బూట్లు రాగానే టేపు పెట్టి కొలిచాను. ఎడమ నడుము కుడిదానికంటే ఒక నూలు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, ఎక్కువ.

"ఏమండీ, ఎడమది ఒళ్లు చేసింది."

"నువ్వు ఊకో. చర్చికి టేపు పట్టుకొని ఎవడొస్తడు?"

నా నడుము గురించి నలభై ఆరేళ్లలో ఒక్క మాటన్నవారు కారు.

ఆదివారం సోలు మాయకుండా మెట్టుగూడ నుంచి పాత చెప్పులతో వచ్చి, చర్చి గుమ్మంలో బూట్లు తొడుక్కున్నారు. తమ్ముణ్ణి వెతికి, సరిగ్గా వాడి ముందు వరుసలో కూర్చున్నారు. మా వంతు రాగానే లేచాం. బల్ల ముందరి మెట్టు దగ్గర మావారు ఆగి, వంగారు. చెప్పులు విప్పే జీవితకాలపు అలవాటు ఆయన అనుమతి అడగలేదు. లేసులు విప్పి, బూట్లు పక్కపక్కన బుద్ధిగా పెట్టి, మేజోళ్లతో వెళ్లి మోకరించారు. నడుములు రెండూ నేలను చూస్తున్నాయి. తమ్ముడికి కనిపించింది ఎడమ మేజోడు చిరుగు. శనివారం దాన్ని కుడతానంటే, "మేజోడు ఎవరు చూస్తరు?" అన్నారు.

రొట్టె నోట్లో పడ్డాక ఆయనకు సంగతి తెలిసింది. అంత స్వచ్ఛమైన పశ్చాత్తాపం ఏ భక్తుడి ముఖంలోనూ నేను చూడలేదు. పాస్టరు అయ్యగారూ చూశారు, కరిగిపోయారు. వచ్చే ఆదివారం నుంచి ఈ పెద్దాయనలాగే అందరూ పాదరక్షలు విప్పి రావాలని మైకులో ప్రకటించారు. సంఘమంతా ఆమెన్ అంది.

"నా బూట్లు సుత బర్బాద్ చేసినవ్ గదా బావా!" అన్నాడు తమ్ముడు బయటికొస్తూ.

ఇప్పుడు వాడు ఇంటికొస్తే మావారు బూట్లు తొడుక్కుని, కాలు మీద కాలేసుకుని, సోలు వాడి ముఖానికెత్తి కూర్చుంటారు. మొన్న వాడు చాలాసేపు చూశాడు. రెండో కాలు కూడా ఎత్తమన్నాడు.

"అక్కా, ఎడమది జెర వెడల్పు లేదూ?"

లేచి వెళ్లి టేపు తెచ్చిచ్చాను.