వెంట్రుకంత వదులు

పాఠకులారా, మా మేనత్త పోయింది. మొన్నటి తుపాను దాటిపోయి, ఆకాశం తోమిన పళ్ళెంలా ఉన్న సాయంత్రం మిద్దె మీద టెలిస్కోపూ, దానికి తగిలించిన కెమెరా ఆన్ చేసి, కాఫీ తాగుదామని కిందికి దిగి, కుర్చీలో కూర్చుని, ఇక లేవలేదు. నాన్న నాకు ఫోన్ చేసి “అత్త పోయింది రా” అన్నారు. నాకు మాట రాకపోవడం అదే మొదటిసారి కాబట్టి, లైను కట్టయిందనుకుని ఆయన మళ్ళీ చేశారు.

అత్త జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరయింది. పెళ్ళి వద్దనుకుని, బోగోలు దగ్గర మా ఇంట్లోనే ఉండిపోయింది. టెలిస్కోపు కన్నా దాన్ని మోసే మౌంటంటేనే ఆమెకు ప్రాణం. భూమి తిరుగుతుంటే చుక్కలు జారిపోతాయి కదా, వాటి వెంట టెలిస్కోపును నిదానంగా తిప్పుకుపోయేది అదే. లోపల మరమేకులాంటి కడ్డీ ఒకటి పళ్ళచక్రాన్ని తోస్తూ ఉంటుంది. ఆ మౌంటుకు నేను సగౌరవంగా ‘మామయ్య’ అని నామకరణం చేశాను. కోప్పడుతుందనుకున్నాను. మర్నాడు ఆమే, “అల్లుడూ, మీ మామయ్య పొద్దున్నించి మొండికేసినాడు, అలెన్ కీ పట్రా” అంది.

శ్రీహరికోటలో రాకెట్టు లేచినప్పుడల్లా వీధంతా మిద్దెలెక్కేది. అత్త మాత్రం వంచిన తల ఎత్తేది కాదు. దాన్ని చూసుకునేందుకు వాళ్ళున్నారు, దీనికి నేనే కదా అనేది.

మామయ్యతో తగువంతా సందు గురించే. కడ్డీకీ చక్రానికీ మధ్య సందు ఎక్కువైతే, గాలి కొట్టినప్పుడల్లా టెలిస్కోపు ఊగి, ఫొటోలో చుక్కలు సాగిపోతాయి. “మొలగొలుకులు బాగా పండినాయి అత్తా” అనేవాణ్ణి, బియ్యపు గింజల్లా సాగిన ఆ చుక్కల్ని చూసి. ఆమె కోరిక ఒక్కటే: మృగశిర దిగువన వెలుగుపొగలా ఉండే నీహారిక ఫొటో, చుక్కలన్నీ గుండ్రంగా. ఏళ్ళ తరబడి కుదరలేదు.

ఒకసారి పంతం పట్టి, మిట్టమధ్యాహ్నం, తలకు తడి తువ్వాలు చుట్టుకుని, సందన్నదే లేకుండా బిగించేసింది. పొద్దుగూకి సముద్రపు గాలి తగలగానే లోహమంతా చల్లబడి ముడుచుకుంది. మామయ్య బిగుసుకుపోయాడు. వేడికి లోహాలు వ్యాకోచిస్తాయని ఊళ్ళో పిల్లలందరిచేతా వల్లె వేయించిన మనిషి! నేను చేతులు కట్టుకుని నిలబడి ఆ పాఠం అప్పజెప్పాను. చెవి మెలిపెట్టి, తర్వాత చాలాసేపు నవ్వింది.

అప్పట్నుంచీ దీపాలు పెట్టే వేళకే ఆ పని. బిగించడం, కాస్త వెనక్కి తిప్పడం, కళ్ళు మూసుకుని గొట్టాన్ని ఒక్క వేలితో అటూ ఇటూ ఆడించి చూడడం. “పూర్తిగా బిగిస్తే ఏదీ తిరగదు అల్లుడూ. వెంట్రుకంత వదలాల.”

అది గేరు గురించి చెప్పిన మాటే. కానీ నేను ఇంజనీరింగ్ వద్దన్నప్పుడు ఇల్లంతా బిగుసుకుపోతే, అత్త నాన్నను మిద్దె మీదికి పిలిచింది. ఏం చెప్పిందో తెలీదు. నాన్న కిందికొచ్చి, నీకు నచ్చిందే చదువుకోమన్నారు. ఆయన వేలికి గ్రీజు అంటి ఉంది.

ఆమె పోయిన రాత్రి ఆ ఏడుపుల్లో మిద్దె సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. నేను తెల్లారి చేరి, పైకెక్కి చూస్తే, మామయ్య ఇంకా తిరుగుతూనే ఉన్నాడు. కెమెరా ఇంకా క్లిక్కుమంటోంది.

దినాలయ్యాక కెమెరా కార్డు తెరిచాను. సముద్రం మీంచి లేచిన నీహారిక, నడినెత్తికొచ్చినా, పడమటికి వాలినా, ప్రతి ఫొటోలోనూ నట్టనడుమే ఉంది. చుక్కలన్నీ గుండ్రం. బియ్యపు గింజ ఒక్కటీ లేదు. వెక్కిరించడానికి నాకేమీ మిగల్చకుండా వెళ్ళిపోయింది.

చివరివన్నీ పగటి వెలుగుకు తెల్లకాగితాలు. వాటికి ముందుది మాత్రం నీలంగా, అంచుల్లేని పొగలా పరుచుకుని ఉంది. కొత్త నీహారికేమోనని ఉలిక్కిపడ్డాను. కాసేపటికి తెలిసింది. నీహారిక వెంటే కిందికి వాలిన టెలిస్కోపుకు అడ్డంగా, పడమటి పిట్టగోడ పక్కన, దండెం మీద, ఆ సాయంత్రం అత్త ఆరేసి మరిచిన చీర.