ఎర్ర చీటీ, మూడు కడుగులు

ఒక మనిషి ఒక్క మధ్యాహ్నంలో, చెమట పట్టకుండా, కుర్చీ దిగకుండా ఒక ఫ్యాక్టరీని ఎంత ముంచగలడో మీకు తెలియదు. నాకు తెలుసు. ఆ మనిషిని నేనే. అప్పటికి నాకు నలభై ఎనిమిదేళ్ళు. బుద్ధి మాత్రం ఇంకా డ్యూటీలో చేరలేదు.

పటాన్‌చెరు దాటాక ఒక మందుల ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్ళు డ్రమ్ములు కడిగాను. ఆ పనికి ఒకటే చట్టం. ఎర్ర చీటీ ఉంటే కడగాలి, లేకపోతే వదిలేయాలి. కడిగితే మూడుసార్లు కడగాలి; ఒక్క కడుగుకు వాసన పోదు. దీనికి అక్షరాలు అక్కర్లేదు, కళ్ళుంటే చాలు.

నా ఖర్మ కొద్దీ ఆ ముందు ఏడాదే సాయంత్రపు బడికి పోయి అక్షరాలు నేర్చుకున్నాను. ఇక ఆగుతానా? బస్సు బోర్డులు, సబ్బు కాగితాలు, ఏది కనబడినా బిగ్గరగా చదివేవాణ్ణి. ఎవరైనా పెళ్ళి పత్రిక ఇస్తే అచ్చు వేసిన ప్రెస్సు పేరు దాకా చదివి వినిపిస్తే గానీ వాళ్ళను కదలనిచ్చేవాణ్ణి కాదు.

"జెర సప్పుడు చెయ్యకుండ సదవరాదు? దునియాల నువ్వొక్కనివే సదివినట్టు!" అనేది మా ఆవిడ సత్తెమ్మ.

"నీకేమెర్క? గేటు కాడ రాసే పని నాకే ఇస్తున్నరు."

అది నిజమే. స్టోర్సు చూసే సుజాత మేడం, గేటు పని ఒక వారం ఇచ్చి చూస్తానన్నది. నీడన కుర్చీ, చేతిలో కలం. అన్నిటికంటే ముఖ్యం, వాసన లేని చొక్కా. ఇరవై రెండేళ్ళుగా సత్తెమ్మ నా చొక్కాలను మిగతా బట్టలతో కలపకుండా వేరే బకెట్లో నానబెట్టేది. ఆ బకెట్టు తప్పించడమే నా ఆశ.

మొదటి రోజే మేడం నాచేత పది ఎర్ర కాగితాల మీద 'ముట్టవద్దు' అని రాయించింది, తూకం వేసే తరాజుకూ కరెంటు మీటలకూ అంటించడానికి. నాలుక బయటపెట్టి, ముగ్గు వేసినంత శ్రద్ధగా రాశాను. ఆమె ఫోన్లో మాట్లాడుతూ, చూడకుండానే తీసుకుపోయి అంటించింది.

మూడోరోజు, లారీల నంబర్లు రాసుకోవడానికి ఒక పాత ల్యాప్‌టాప్ వాడుకోమన్నది. కంప్యూటర్లు బాగుచేసే యాదగిరి నాకు ఒక సీడీ ఇచ్చాడు.

"కాకా, అది మేడం బల్ల మీదున్నది. తెరుస్తే ముసలి ఎద్దు లెక్క గస పెడ్తది. గీ సీడీ ఎయ్యి, అడిగినప్పుడల్లా ఎంటర్ కొట్టు. దాన్లున్నదంత పోయి కొత్తదాని లెక్కయితది."

"అంటే కడుగుడే కదా?"

"అట్లనే అనుకో. కని ముందుగాల మేడంను అడుగు."

"ఇరవై రెండేండ్లు కడిగినోన్ని. నాకు చెప్తవా?"

"నీకెవలు చెప్తరు కాకా!" అని దండం పెట్టి టీకి పోయాడు.

మేడం జిన్నారం పోయింది. ఆమె బల్ల మీద ఒకటి కాదు, రెండు ల్యాప్‌టాప్‌లున్నాయి. రెండూ నల్లవి, రెండూ ఇటుకంత మందం. ఒకదాని మూత మీద ఎర్ర చీటీ ఉంది, రెండోదాని మీద లేదు. డ్రమ్ముల మనిషికి ఇంకేం కావాలి?

అయినా నేను చదువుకున్నవాణ్ణి కదా! చీటీ చదివాను. కూడబలుక్కుని, రెండుసార్లు. 'ముట్టవచ్చు'.

సరే, ఇది నేను రాసిన చీటీ కాదు. నేను రాసింది 'వద్దు', ఇక్కడున్నది 'వచ్చు'. దస్తూరి మాత్రం అచ్చం నాదిలాగే అందంగా ఉంది. ఎవరో నన్ను చూసి నేర్చుకుంటున్నారని పొంగిపోయాను కూడా. ఇలాంటి తెలివిని డ్రమ్ములో వేసి మూత బిగించాలి.

సీడీ వేశాను. ఎంటర్, ఎంటర్, ఎంటర్. అరగంటలో ఖాళీ. అంతటితో వదిలినా కొంత దక్కేదేమో! వాసన పోవద్దా? రెండో కడుగు కడిగాను. మూడోదీ కడిగాను.

సాయంత్రం మేడం వచ్చింది. మూత తెరిచి, ఏవేవో నొక్కి చూసింది.

"మల్లయ్యా, గిది ఖాళీగున్నదేంది?"

"మూడు కడుగులు కడిగిన మేడం. తళతళ మెరుస్తున్నది."

"రెండేండ్ల టెస్టు రిపోర్టులు దీన్లనే ఉన్నయి! పొద్దున సరుకు కొనేటోళ్ళు వచ్చి చూస్తరు! ముట్టద్దని చీటీ పెట్టిన కదా!"

"ముట్టమన్నరు మేడం. సూడుండ్రి" అని మూత మూసి, వేలు పెట్టి చదివి వినిపించాను. "ముట్ట... వచ్చు."

ఆమె చీటీ చూసింది. నన్ను చూసింది.

"ఇది రాసిందెవలు?"

"ఎవడో మేడం. నా లెక్కనే రాసిండు."

ఆమె చూపు మెల్లగా గోడ మీది కరెంటు మీటల వైపు తిరిగింది. నా చూపూ తిరిగింది. అక్కడా ఎర్ర కాగితం, అక్కడా అదే దస్తూరి. 'ముట్టవచ్చు'. తరాజు మీదా అంతే. పదికి పదీ. మూడు రోజులుగా ఫ్యాక్టరీ మొత్తాన్ని కరెంటు ముట్టుకొమ్మని పిలుస్తున్నాను. ద కింద ద రాయాల్సిన చోట చ కింద చ రాసి పడేశాను.

కొనేవాళ్ళ రాకను వాయిదా వేయించారు. మేడం, యాదగిరి కాగితాలు ముందేసుకుని రిపోర్టులన్నీ మళ్ళీ టైపు కొట్టారు. సాయం చేస్తానని నేను వెళితే ఇద్దరూ ఒక్కసారే "ముట్టకు!" అన్నారు. మర్నాడే నన్ను డ్రమ్ముల దగ్గరికి పంపారు.

ఇంటికొచ్చి చొక్కా విప్పుతుంటే సత్తెమ్మ మంచం కింది నుంచి బకెట్టు లాగింది.

"పారెయ్యలేదా?" అన్నాను.

"నీ సదువు నాకెర్కలేదా?" అన్నది.

అందుకే ఓనమాలన్నిటి మీద ఒట్టేసి, నా చేతులకు నేనే ఆజ్ఞ రాసిపెట్టుకున్నాను: ఇకమీదట ఏ ల్యాప్‌టాప్‌నూ ముట్టవద్దు. రాసింది నేనే కాబట్టి, ఆ చివరి రెండక్షరాలు ఒకసారి ఇంకెవరికైనా చూపించుకోండి.