ప్రోగ్రాం పొట్టలో మాస్టారి పేరు

మా మాస్టారు పోయారని మొన్న పొద్దున్న కొత్తపేటలో వాళ్లింటి నుంచి కబురొచ్చింది. ఏడుపు తర్వాత వచ్చింది గానీ, నిజం చెప్పొద్దూ, ముందొచ్చింది కోపమే. నా తప్పొకటి నెత్తిన వేసుకుని, నలుగురిలో నన్ను ఒప్పుకోనివ్వకుండా మూడేళ్లు సతాయించి, ఆఖరికి ఇలా వెళ్లిపోయారు. ఇదేం పద్ధతండీ!

లెక్కల మాస్టారుగా రిటైరై, నాలుగేళ్ల కిందట, ఎనభై ఆరులో, అమలాపురంలో ఓ బట్టల కొట్టు మీది గదిలో కంప్యూటర్ సెంటర్ పెట్టారాయన. నేను అక్కడే నేర్చుకుని అక్కడే పనికి కుదిరాను. ఆయన చాదస్తం ఇంతా అంతా కాదు. రాసిన ప్రోగ్రాంని కంపైల్ చేస్తే మిషనుకి తప్ప మనిషికి అర్థం కాని సరుకైపోతుంది కదా. ఆ సరుకు లోపలే, కంపైల్ చేసేటప్పుడే, మనుషులు చదవగలిగే మూడు వరసలు కలిపి తీరాలి: ప్రోగ్రాం పేరు, ఎన్నోసారి మార్చినది, చేసినవారి పేరు. ఫ్లాపీ మీద చీటీ అంటించానండీ అంటే వినేవారు కాదు.

"చీటీ ఊడిపోతుందమ్మా. పొట్టలో ఉన్నది ఊడదు."

రెండో వరసలో ఒక్క అంకె మార్చడం మరిచిపోతే మళ్లీ మొదటి నుంచీ కంపైల్. సగంలో కరెంటు పోయేది. ఆ మూడు వరసల కోసం ఎన్ని మధ్యాహ్నాలు కడుపు మాడ్చుకున్నానో నాకే తెలుసు.

ఒక జూనియర్ కాలేజీ నుంచి మార్కుల లిస్టుల పని వచ్చింది. ప్రోగ్రాం మొత్తం నేనే చేశాను. మూడో వరస దగ్గర చెయ్యాగింది. గురువుగారుండగా నా పేరేమిటి, కళ్లు పోతాయి! ఆయనకి చెప్పకుండా ఆయన పేరే పెట్టేశాను.

అందులో మార్కులకి రెండంకెల చోటే ఉంచాను. లెక్కల్లో నూటికి నూరు తెచ్చుకున్న ఉప్పలగుప్తం అమ్మాయికి ముందున్న ఒకటి రాలిపోయి సున్నాలు మిగిలాయి. ఫెయిలని అచ్చయింది. చదువు మానిపించేస్తానని వాళ్ల నాన్నగారు కాలేజీకొచ్చి కూర్చున్నారు. మమ్మల్ని పిలిపించారు.

"ఎవరు చేసేరండీ ఇది?" అన్నారు ప్రిన్సిపాల్‌గారు.

మాస్టారు అక్కడే, కాలేజీ కంప్యూటర్‌లో, ఆ ప్రోగ్రాం ఫైలుని తెర మీదికి తెప్పించారు. పిచ్చి గీతల మధ్య ఆయన పేరే కనపడింది. ఒక్కసారి నా వైపు చూశారు. ప్రిన్సిపాల్‌గారి వైపు తిరిగారు.

"ఆయ్, నాదేనండీ పొరపాటు. సాయంత్రానికి సరిచేసి ఇచ్చేస్తాను."

"లెక్కల మాస్టారై ఉండి వందకి చోటుంచలేదేంటండీ!"

పక్కనున్న కాలేజీ గుమాస్తా పకపకా నవ్వాడు. లిస్టు సరైంది, ఆ పిల్ల చదువు నిలిచింది. మాస్టారికి మాత్రం ఊళ్లో సున్నా మాస్టారని పేరు పడిపోయింది.

సెంటర్‌కొచ్చాక చివాట్లు నాకు. "గౌరవం ఉంటే దణ్ణం పెట్టుకో. ఆ మూడో వరసలో మాత్రం తప్పొస్తే ఎవర్నడగాలో వాళ్ల పేరుండాలి."

"అయితే రేపే వెళ్లి నాదని చెప్పేస్తానండీ."

"ఎందుకూ? అందులో ఉన్నది నా పేరు. చూసుకోకుండా పంపింది నేను. నువ్వు ఊరుకో."

ఎన్నిసార్లడిగినా ఇదే మాట. కొత్తగా పనిలో చేరిన ఆడపిల్లకి చెడ్డపేరొస్తే మళ్లీ ఎవరూ పనివ్వరని ఆయన భయం. ఆయన దయవల్లే ఇవాళ నాలుగు వేళ్లూ నోట్లోకి వెళుతున్నాయి, కాదనను. కానీ బజార్లో ఆ పేరు విన్నప్పుడల్లా నా ప్రాణం ఎంత చచ్చిపోయేదో ఆయనకి పట్టిందా?

మొన్న వెళ్లేసరికి ఆయన్ని అరుగు మీద పడుకోబెట్టారు. చుట్టూ జనం. ఆ గుమాస్తాయే పక్కాయనతో, "పాపం, సున్నా మాస్టారు మంచోరండీ," అంటున్నాడు.

"ఆ సున్నా నాదండీ," అన్నాను గట్టిగా. "ఆ ప్రోగ్రాం చేసింది నేను. ఆయన కాదు."

అందరూ నా వైపు తిరిగారు. నేను మాస్టారి వైపు చూశాను. గడ్డం కింద నుంచి తల మీదికి గుడ్డ కట్టేశారు. ఈసారి అడ్డు చెప్పలేకపోయారు.