నంబరు లేని ముక్క

బోయిగూడలో సదాశివ కొట్టుకు బోర్డు లేదు. పని తెలిసినవాడికి బోర్డెందుకని ఆయన ధీమా. డెబ్భై నాలుగేళ్లు వచ్చినా ఆ పొగరు తగ్గలేదు. నాకదే ఇష్టం.

మా నాన్న రికార్డింగ్ గదిలోని కండెన్సర్ మైకును ఈమధ్యే అటక మీంచి దింపి ఆయన దగ్గరికి తీసుకెళ్లాను. ఎన్నో హరికథలను క్యాసెట్లకెక్కించిన మైకు అది; ఒకసారి పాడైతే బాగుచేయించింది ఈ కొట్టులోనే. ఇప్పుడు పోపు వేసినట్టు చిటపటలే. సదాశివ మూత తీసి చూసి ఆగిపోయాడు. లోపల పెన్సిలంత లావున, ఎర్ర నెయిల్ పాలిష్ పూసిన పార్టు ఒకటుంది. నంబరు లేదు, రంగు గీతలు లేవు. మీటరు పెడితే ముల్లు కదల్లేదు. అదేమిటో తెలియకుండా వేరేది వెయ్యడం కుదరదు.

అప్పట్లో మెకానిక్కులు పక్క కొట్టువాడు చూసి నేర్చుకోకుండా పార్టుల మీద నంబర్లు గీకేసి రంగు పూసేవారు. విద్య దాచుకోవడంలో మనవాళ్లను మించినవాళ్లు లేరు. ఇది హరికిషన్ పనేనని సదాశివ తేల్చేశాడు.

హరికిషన్ ఒకప్పుడు ఈ కొట్టులోనే, ఒకే బల్ల దగ్గర ఆయన పక్కన కూర్చుని పనిచేసినవాడు. ఇద్దరికీ ఒకటే టిఫిన్ డబ్బా. వాళ్ల నవ్వులు రోడ్డు దాకా వినిపించేవి. ఆ రోజులు తలుచుకుంటే నాకిప్పటికీ ప్రాణం లేచొస్తుంది. తర్వాత ఈ కొట్టు కిటుకులు ఎదురు కొట్టువాడికి తెలిసిపోయాయి. చెప్పింది హరికిషనేనని సదాశివ నలుగురిలో అనేశాడు. హరికిషన్ సంచి సర్దుకుని వెళ్లిపోయాడు. ముప్పై ఐదేళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు.

ఇప్పుడు ఆ ముక్క సంగతి తెలియాలంటే హరికిషన్ గడప తొక్కాలి. సదాశివ వారం రోజులు సణిగాడు. చివరికి ఇస్త్రీ చొక్కా వేసుకుని నా బండెక్కాడు. హరికిషన్ ఉండే యాప్రాల్‌కు బయల్దేరాం.

హరికిషన్ కూర్చోమని మంచినీళ్లిచ్చాడు. మైకును కిటికీ వెలుగులో పట్టుకుని నవ్వాడు. అది కొన్న పార్టు కాదట. సరైన రెసిస్టరు ఊళ్లో దొరక్క, చిన్నవి ఐదింటిని వరసగా అతికి, సన్నటి గొట్టం లాంటి స్లీవులో దూర్చారట. పాలిష్ పూసింది సదాశివేనట, తన భార్య దేవమ్మ సీసా అడిగి తెచ్చి మరీ.

సదాశివ మైకు అందుకుని ఆ ఎర్ర ముక్కను మళ్లీ చూశాడు. "యాదికొస్తలేదురా" అన్నాడు.

"నీ నెత్తి మీద చెయ్యి పెట్టిచ్చి ఒట్టేపిచ్చుకున్నవ్, ఎవ్వలకు చెప్పద్దని" అన్నాడు హరికిషన్. "నువ్వే అడిగినవని ఇయ్యాల చెప్పిన. ఇప్పటిదాంక ఎవ్వలకు చెప్పలే."

సదాశివ రెండు చేతులతో ఆయన చెయ్యి పట్టుకున్నాడు. తప్పయిందన్నాడు. నలుగురిలో అన్న మాటకు నా ఒక్కడి ముందు ఒప్పుకుంటే చాలదని ఆయనకే అనిపించినట్టుంది.

"రేపు కొట్టుకు రా. బోయిగూడల అందరి ముందట చెప్తా."

హరికిషన్ కళ్లు తుడుచుకున్నాడు.

"రెసిస్టర్లు ఐదు తెచ్చిపెట్టు. వస్త."