కొండవీటి గుళ్లో బావగారి అలక

ఆ రోజుల్లో మా వైపు కొత్త అల్లుడు అలిగితే అత్తవారు కంగారుపడేవారు. అలగకపోతే ఇంకా కంగారుపడేవారు. మా అక్క పెళ్లయిన మొదటి వేసవిలో బావ గుంటూరు బ్రాడీపేట నుంచి మా ఊరొచ్చి, అలిగి, రేడియో సాధించుకుపోయాడని మా చుట్టాలంతా ఇప్పటికీ చెప్పుకుంటారు. ఎడ్ల జతను మార్చడానికి నాన్న దాచుకున్న పత్తి డబ్బు అలా పాటలు పాడుకుంటూ గుంటూరు వెళ్లిపోయింది. బావకు ఆశపోతు అల్లుడన్న పేరు మిగిలింది. ఆ పేరు సంపాదించిపెట్టిన పుణ్యాత్ముణ్ని నేను.

బావకు చరిత్రంటే ప్రాణం. రెడ్డిరాజులు ఏలిన కొండవీడు మా ఊరి పక్కనేనని తెలియగానే, తెల్లటి మల్లు పంచె కట్టి, నల్ల కళ్లద్దాలు పెట్టి బయల్దేరాడు. దారి చూపే ఉద్యోగం నాది. కొండ కింద పాడుబడ్డ గుడి. రాజులు పోయారు, దేవుడూ పోయాడు, గర్భగుడిలో గబ్బిలాలు మిగిలాయి. మావాళ్లు మాత్రం పూర్వుల సంపదను నిర్లక్ష్యం చెయ్యలేదు. రాళ్లు పరిచిన మండపం కదా అని మిరపకాయలు ఆరబోసుకున్నారు. (శిల్పకళకు ఇంత ఉపయోగం ఉందని ఏ రాజూ ఊహించి ఉండడు.) బావ అంచువెంట ఒదిగి లోపలికెళ్లి, ఒక్కో స్తంభాన్నీ తడిమి నిట్టూర్చడం మొదలుపెట్టాడు. బావను ఆటపట్టించడం బావమరిదికి పుట్టుకతో వచ్చిన హక్కని నమ్మే వయసు నాది.

"రాజుల గుడండీ ఇది, బావగారూ. స్వామికి వీపు చూపించకూడదు. వెనక్కి నడుచుకుంటూ బయటికి రావాలి," అన్నాను.

"స్వామి ఏడోయ్?"

"స్వామి లేకపోతే మర్యాద కూడా పోవాలాండీ?"

చదువుకున్న మనిషి, ఆ మాటకు పడిపోయాడు. చేతులు జోడించి వెనక్కి నడిచి, లేచిన రాయి మడమకు తగిలి, మిరపకాయల మధ్య చతికిలబడ్డాడు. రెండు చేతులూ ఆన్చి లేచాడు. అవే చేతులతో కళ్లు తుడుచుకున్నాడు.

ఇంటికొచ్చేసరికి అమ్మ పీట వాల్చి, "కూచోండి బాబూ, వడ్డిస్తాను," అంది. బావ కూచోడు, తినడు, మాట్లాడడు. ఎర్రబడ్డ కళ్లలోంచి నీళ్లు. కొత్త అల్లుడు, మంట ఎక్కడో అత్తగారికి ఏమని చెబుతాడు?

"అలిగాడే!" అన్నాడు నాన్న గొంతు తగ్గించి. బావ దగ్గరికెళ్లి, "మంచి సైకిలు కొనిపెడతాను బాబూ," అన్నాడు.

"అమ్మో, సైకిలొద్దండీ!" అని బావ గావుకేక పెట్టాడు.

"చూశావా, సైకిలు కంటికి ఆనట్లేదు," అన్నాడు నాన్న అమ్మతో.

రేడియో కూడా వద్దనే అన్నాడు బావ. వద్దన్నకొద్దీ అలక ముదిరిందనుకున్నారు. నిజం చెబితే నాన్న నన్నూ మండపంలో ఆరబోస్తాడని నేను నోరెత్తలేదు. నా పేరు బావా ఎత్తలేదు. ఆ ఏడు నాన్న ముసలి ఎడ్లతోనే దున్నాడు. దున్నినంతసేపూ అల్లుణ్ని తిట్టాడు. నేను వెనకాల నడుస్తూ విన్నాను.

మొన్న బావ దగ్గరికెళ్లి, అందరికీ నిజం చెప్పేస్తానన్నాను.

"నోర్మూసుకోరా! నా మొహం కాస్త చిన్నబోతే చాలు, మీ ఇంట్లో ఇంకో కూర వండుతున్నారు. ఆ పేరు పోతే నన్నెవరు లెక్కచేస్తారు?" అన్నాడు.

అయినా రాసేశాను. నాన్న పోయాక ధైర్యం తెచ్చుకున్న వీరుణ్ని మరి. ఇది చదివి బావ అలుగుతాడేమో. అలిగితే బాగుణ్ను. ఇన్నేళ్లలో ఆ మనిషి నామీద ఒక్కసారైనా అలగలేదు.