సరణ్య కాలి కాప్పు

వసంతి ఇరవై రెండేళ్ళుగా కాలిన ఒళ్ళకు కట్లు కడుతోంది. పొద్దున్నే కోవిల్‌పట్టిలో బస్సెక్కి విరుదునగర్‌లో దిగి, ఆసుపత్రి మేడమెట్ల ముందు నిలబడేసరికే మోకాళ్ళు మొరాయిస్తాయి. ఈ వార్డుకు కోరి వచ్చిన నర్సు లేదు. వచ్చినవాళ్ళు ఏడాది తిరక్కుండానే ఎవరినో పట్టుకుని బయటపడ్డారు. ఎవరినీ పట్టుకోవడం చేతకాక వసంతి మిగిలిపోయింది, అంతే. ఆమెను దేవత అని పొగిడితే విసుక్కుంటుంది. దేవతలకు కాళ్ళు వాయవు కదా!

ఇక్కడ కట్టు కట్టడం కంటే విప్పడమే పెద్ద పని. పుండుకు అంటుకుపోయిన గుడ్డను లాగకూడదు. సెలైన్ పోసి నానబెట్టి, దానంతటది వదిలేదాకా కాచుకోవాలి. సరణ్యకు రెండు గంటలు పట్టేది. ఇరవై మూడేళ్ళ పిల్ల. ఏళాయిరంపన్నై దగ్గర బాణసంచా షెడ్డులో మందు కూరుతుంటే నిప్పంటుకుని వీపూ చేతులూ కాలిపోయాయి. ఆపమన్న ప్రతిసారీ వసంతి ఆపేది. అవతల ఎనిమిది మంచాలు ఎదురుచూస్తున్నా ఆపేది.

వార్డులో అందరిదీ తమిళమే. సరణ్య తల్లి అళగమ్మాళ్ మొదటిరోజే కూతురి చెవిలో తెలుగులో ఏదో చెప్పడం విని, వసంతి కూడా ఆ ఇద్దరితో తన ఇంటి మాటైన తెలుగే మాట్లాడడం మొదలుపెట్టింది.

తొడ మీది తోలు తీసి వీపుకు అతికించాలన్నాడు డాక్టరు. ఒంట్లో పుష్టి లేకపోతే అతికించింది నిలవదు, రోజుకు ఆరు గుడ్లు తినాలన్నాడు. వారం తర్వాత రక్తం పరీక్ష చేస్తే పుష్టి పెరగకపోగా ఇంకా తగ్గింది. ఇట్లాగే ఉంటే ఆపరేషన్ కుదరదు, పుండు ముదిరితే పిల్ల దక్కదని తేల్చేశాడు.

ఆ మధ్యాహ్నమే మంచం కింద వైరుబుట్టలో, తువ్వాలు చుట్టి దాచిన ఉడికిన గుడ్లు దొరికాయి. వసంతికి ఒళ్ళు తెలియని కోపం వచ్చింది.

"ఇదేమి పని అళగమ్మా? బిడ్డను నువ్వే సంపుకుంటా ఉండావా?"

అనేశాక నాలుక కరుచుకుంది. అళగమ్మాళ్ కూతురి కాళ్ళ మీది దుప్పటి జరిపింది. కాలి మడమకు పైన పసుపు దారం ఉంది.

"ఇరుక్కంగుడి అమ్మకు మొక్కుకోనుండాను సిస్టరమ్మా. బిడ్డ నడిసి గుడికి వచ్చేదాకా నీసు ముట్టదని ఈ కాప్పు దారం కట్టినా. కట్టినంక గుడ్డు పెడితే ఆయమ్మ ఊరుకుంటుందా?"

వసంతి ఆ దారాన్ని రోజూ చూస్తూనే ఉంది. కాళ్ళు తుడిచేటప్పుడు దాన్ని తప్పించి తుడిచింది కూడా. ఎందుకు కట్టారని ఒక్కసారీ అడగలేదు. తప్పు తనదే.

కత్తెర జేబులోనే ఉంది. కానీ రేపు ఆ పిల్లకు ఏమన్నా అయితే ఈ తల్లి బతికినన్నాళ్ళూ ఆ కత్తెరనే తలుచుకుని ఏడుస్తుంది. వసంతి మంచం పట్టె మీద చెయ్యి ఆనించి నిలబడింది. మొదటినుంచీ నచ్చజెప్పే ఓపిక ఆమెలో లేదు.

"ఈ కాప్పు ఇంకొకరికి మార్చొచ్చునా?"

"మనసొప్పి మోస్తానంటే మార్చొచ్చు అనేది మా అత్త. నా కాలికి నా మొక్కుది ఉండనే ఉండాది. దీనిది ఎవురు తీసుకుంటారు?"

"నాకు కట్టు."

"నువ్వు వేదక్కారివి గదా!" అంది అళగమ్మాళ్ బిత్తరపోయి. ఏసును నమ్మేవాళ్ళను ఆ వైపు అట్లాగే అంటారు.

"అయితే నాకు కాలు లేదా? బిరీన కట్టు. ఇంకా ఎనిమిది మంచాలు ఉండాయి నాకు."

అళగమ్మాళ్ కూతురి కాలి దారం ముడి విప్పి, ఉబ్బిన వసంతి కాలికి కట్టింది. వసంతి చేతులు కడుక్కుని వచ్చి, గుడ్డు చిదిపి సరణ్య నోట్లో పెట్టింది. ఆ పిల్ల తల్లి ముఖం చూస్తూ నమిలింది.

ఇంట్లో వసంతి మొగుడు దేవసహాయం చర్చి పెద్ద. కాలి దారం చూసి, పళ్ళెంలో చేప వద్దనడం చూసి, "పాస్టరయ్యకు ఏమి చెప్పేది?" అన్నాడు.

"డ్యూటీ అని చెప్పు," అని వసంతి చారు పోసుకుంది. ఆయన నాలుగు రోజులు మాట్లాడలేదు. ఆమెకు అది కాస్త విశ్రాంతిగానే ఉంది.

మూడు వారాలకు ఆపరేషన్ అయింది. అయిదోరోజు కట్టు విప్పారు. వసంతి ఆ పూట అందరికంటే నిదానంగా నానబెట్టింది. చివరి పొర వదిలింది. డాక్టరు వంగి చూసి తల ఊపాడు. కింద తోలు గులాబీ రంగులో అంటుకుని ఉంది.

"పట్టిందా సిస్టరమ్మా?" అంది అళగమ్మాళ్.

"పట్టింది."

వసంతి స్టూలు లాక్కుని కూలబడింది. ఆమె డ్యూటీలో ఊరికే కూర్చోవడం ఆ వార్డు ఎప్పుడూ చూడలేదు. అళగమ్మాళ్ ఆమె పాదాల దగ్గర చతికిలబడి, ఏడుస్తూనే అసలు సంగతి చెప్పింది.

"కాప్పు ఇక్కడ విప్పకూడదు సిస్టరమ్మా. బిడ్డ నడిసినంక మాతో కూడా నువ్వూ గుడికి రావాల. అక్కడే విప్పాల."

వసంతి వంగి, కాలి మీది ముడి సర్దుకుంది.

"వస్తా," అంది. "ఆదివారం మాత్రం పెట్టొద్దు."