పెట్టె రేటుకు సెల్లు కొన్న మాస్టారు

1971 చివర్లో యుద్ధం వచ్చేనాటికి బాపట్ల బజారులో నాకు టార్చిలైట్లు, బ్యాటరీ సెల్లు, గ్యాస్‌లైట్లకి కట్టే మాంటిళ్లు అమ్మే కొట్టు ఉండేది. నేను పుట్టింది తెనాలిలో, కొట్ల మధ్య. మా ఇంట్లో కూర బాగుందని ఎవరూ అనరు, వంకాయలు ఎంతకిచ్చాడని అడుగుతారు. ఆ పెంపకంలో నాకు అబ్బిన విద్య బేరం ఒక్కటే. పెళ్లిచూపుల్లో పిల్ల నచ్చినా నచ్చనట్టు లేచొచ్చి, వెనక్కి పిలుస్తారేమోనని వీధి మలుపు దాకా నత్తనడక నడిచానని మా ఆవిడ ఇప్పటికీ చెబుతుంది. అబద్ధమని అనలేను.

మా వ్యాపారంలో బాక్స్ రేటు అని ఒకటుంది. సెల్లు విడిగా కొంటే ఒక ధర, సీలు విప్పని పెట్టె మొత్తంగా తీసుకుంటే అంతకన్నా తక్కువ ధర. సముద్రం పక్కనున్న ఒక పాలెంలో మిషన్ బడి టీచరు జయరాజు మాస్టారు ఈ సంగతి పసిగట్టాడు. కుర్రాడు, ఉద్యోగం ఇంకా టెంపరరీ. ఒక శనివారం అద్దె సైకిల్ మీద వచ్చి నా ఎదురుగా బల్ల మీద కూర్చున్నాడు.

"పాలెంలో ఇంటికో టార్చి ఉందండి శెట్టిగారూ. తెల్లారకముందే వలలకి పోవాలి కదా. అందరి తరఫునా నేనే వస్తా, పెట్టె రేటివ్వండి."

"పెట్టె రేటిస్తే నేను తినేదేంటి మాస్టారూ?"

"చేపలు పంపిస్తానండి."

"మా ఇంటికి చేపలా! మా ఆవిడ వాటితోపాటు నన్నూ బయట పారేస్తుంది."

పైసా దగ్గర పట్టు పట్టి, రెండుసార్లు సైకిలెక్కి దిగి, చివరికి నన్ను ఒప్పించాడు. నన్ను బేరంలో ఓడించినవాళ్లు తక్కువ. అప్పట్నుంచి ప్రతి శనివారం అతని కోసం చూసేవాణ్ణి. వాదించడానికి సరైన మనిషి దొరకడమూ ఒక అదృష్టమే.

యుద్ధం మొదలయ్యాక కిటికీలకు నల్లకాగితాలు అంటించాం. ఒడ్డు నుంచి ఎవరైనా ఓడలకు లైట్లతో సైగలు చేస్తారేమోనని పైవాళ్లకు అనుమానం. ఒక హెడ్ కానిస్టేబుల్ మఫ్టీలో, అంటే యూనిఫాం లేకుండా, కొట్టుకొట్టుకీ తిరిగి సెల్లు ఎక్కువగా కొనేవాళ్లెవరని అడిగాడు. దాచడానికి ఏముంది? పాలెం మొత్తానికీ జయరాజు మాస్టారే కొంటాడని చెప్పాను. ఆయన మాస్టారి పేరు రాశాడు, పక్కన వారానికి పెట్టె అని రాశాడు.

"పాలెం మొత్తానికీ అని కూడా రాయండి."

"దానికి గడి లేదు శెట్టిగారూ."

అలాగే సైకిల్ షాపులో అడిగారు, పోస్టాఫీసులో ఉత్తరాల గురించి అడిగారు. ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఆ వారంలోనే పాలెం నుంచి వచ్చి చేపలమ్మే నాంచారమ్మ గంప కూడా దించకుండా నా కొట్టు ముందుకొచ్చి నిలబడింది.

"మాస్టార్ని జీపెక్కించారండి. ఆయన్ని ఈ నెల్లో పర్మినెంటు చేత్తారంట. టేషన్ మాట పడ్డాక ఇంకేం చేత్తారు? మా పిల్లల బడీ పోద్ది, ఆయన కూడూ పోద్ది. మీరు మాటకారి కదా, ఓ మాట సెప్పండి బాబూ."

వెళ్లాను. స్టేషన్లో బేరమాడటం అదే మొదలు. ఇన్‌స్పెక్టరు చెడ్డవాడు కాదు. నిద్రలేక కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

"ఒక్క మనిషికి వారానికి పెట్టెడు సెల్లెందుకయ్యా?"

"ఒక్క మనిషికి కాదండి, ఊరికి."

"ఫారిన్ నుంచి ఉత్తరాలొస్తాయిట?"

"వాళ్ల బడిలో పూర్వం పనిచేసిన దొరసాని క్రిస్మస్ కార్డులు పంపుతుందండి."

"శనివారం సాయంత్రమైతే సముద్రం వైపే పోతాడుట?"

"ఇల్లక్కడే కదండీ! ఇంకెటు పోతాడు?"

ఆయన నవ్వబోయి ఆగాడు. "విడివిడిగా చూస్తే నాకూ ఏమీ కనపడట్లేదు శెట్టిగారూ. మూడూ ఒక్కడి దగ్గర కలిశాయి. అదీ చిక్కు."

"కలిపి కొంటే మా కొట్లో రేటు తగ్గుతుందండి. మీ దగ్గర పెరుగుతుందా?"

మాట బాగానే పేలింది గాని మనిషి బయటికి రాలేదు. అప్పుడు నాంచారమ్మతో పాలెంలో ఉన్న టార్చిలన్నీ తెమ్మన్నాను. మర్నాడు ఆడవాళ్లు గంపల్లో పెట్టుకొచ్చి స్టేషన్ వరండాలో పరిచారు. చేపల వాసన ఆఫీసు గదిదాకా వెళ్లింది. ఇన్‌స్పెక్టరు ఒక్కొక్కటీ మూత విప్పి, నా కొట్టు సెల్లే అని చూసి, వెలిగించి పక్కన పెట్టాడు. ఒకటి వెలగలేదు. "అదాండీ, పాడైపోయిన సెల్లే ఇచ్చాడండీ శెట్టి," అని ఒక ముసలమ్మ అక్కడే నా మీద ఫిర్యాదు పెట్టింది. సాయంత్రానికి మాస్టార్ని వదిలారు.

వచ్చేముందు ఇన్‌స్పెక్టర్ని అడిగాను: "పేరు కొట్టేయండి సార్."

"నా దగ్గర కొట్టేస్తాను. గుంటూరు వెళ్లిన కాపీలో ఎవరు కొట్టేస్తారు? అది అక్కణ్ణుంచి ఎక్కడికెళ్లిందో నాకే తెలీదు."

ఎదురుగా మనిషుంటే బేరమాడొచ్చు. కాపీతో ఏం ఆడతాం?

మాస్టారి పర్మినెంటు ఆర్డరు ఆ నెల రాలేదు, ఆ ఏడూ రాలేదు. అతనితో చేరినవాళ్లందరికీ వచ్చింది. ఎమర్జెన్సీ రోజుల్లో కొత్త పోలీసు ఒకడు వచ్చి మళ్లీ అతని గురించి అడిగాడు. ఇప్పుడేం చేశాడండీ అంటే, "ఏమీ లేదు, గతంలో ఒకసారి విచారణ జరిగిందని ఉంది," అన్నాడు. వదిలేశారన్న ముక్క ఉందా అని అడిగాను. లేదట. ఆ పోలీసు వచ్చి వెళ్లాక బడివాళ్లు ఉన్న టెంపరరీ కూడా తీసేశారు. మాస్టారు భట్టిప్రోలులో ఒక రైసుమిల్లులో గుమాస్తాగా చేరాడు.

పాలెం వాళ్లు పెట్టె కొనడం ఎప్పుడో మానేశారు. ఎవరికి వాళ్లే బస్సెక్కి వచ్చి రెండేసి సెల్లు కొనుక్కునేవారు. విడి రేటు కాబట్టి నాకు లాభమే. కానీ ఎవరూ బేరమాడేవారు కాదు. నేను అడక్కుండానే చెప్పేవారు: "దొడ్లో పామొచ్చిందండి, అందుక్కావాలి." "మా అత్తకి రేచీకటండి." వస్తువు కొనడానికి వచ్చి కారణం చెప్పుకుంటున్న జనాన్ని నేను అంతకుముందు చూడలేదు.

తర్వాత రేపల్లె తిరునాళ్లలో చిన్న అంగడి పెట్టినప్పుడు జయరాజు మాస్టారు కనిపించాడు. జుట్టు ముందే నెరిసింది. రెండు సెల్లడిగాడు. "పిల్లాడికి రాత్రిపూట బయటికి వెళ్లాలంటే భయమండి," అన్నాడు. నేను అడగలేదు.

"పెట్టె రేటుకే తీసుకోండి మాస్టారూ," అన్నాను. నా అంతట నేను ధర తగ్గించడం జన్మలో అదే మొదటిసారి.

ఆయన అటూ ఇటూ చూశాడు. "వద్దండి శెట్టిగారూ. అందరికీ ఎంతో నాకూ అంతే ఇవ్వండి."

పూర్తి ధర ఇచ్చి వెళ్లిపోయాడు. బేరమాడటానికి తెలివి ఉంటే చాలనుకుంటూ బతికాను. భయం లేకపోవడం కూడా కావాలని ఆ రోజు తెలిసింది. ఇప్పుడు నా కొట్లో ఎవరైనా ఒక పైసా కోసం గంటసేపు గొడవపడితే విసుక్కోను. కూర్చోమని మంచినీళ్లిస్తాను.